పాదం మీద గీసిన గీత

తడిసిన పాదాన్ని ఆరబెట్టుకోండి. ఇంత చిన్న మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. పసిపిల్లలకు తల్లులు చెప్పే మాట ఇది. యాభైకి దగ్గరపడ్డ నాకు, నీళ్లు ఎటు పారతాయో కొలవడమే బతుకుదెరువైన నాకు, దీన్ని నేర్చుకోవడానికి ఒక చలికాలమంతా పట్టింది. కొంత ఒళ్లు కూడా పోయింది. ఎంత పోయిందన్నది ముందే చెబితే ఆ రోజుల్లో నేను పడ్డది మీకు అందదు. ఆ రోజుల్లో నాకూ తెలియదు కదా.

మాది జగిత్యాల దగ్గరి పల్లె. పదో తరగతి లెక్కల్లో తప్పలేదు, ఇంగ్లీషులో తప్పాను. సౌదీకి హెల్పర్‌గా వచ్చి, సర్వేయర్ల వెనక కొలబద్ద మోస్తూ, వాళ్లు మట్టం చూసే మిషన్‌లో ఏం చూస్తున్నారో గమనించి గమనించి వాలు లెక్క పట్టుకున్నాను. మురుగు పైపుకి మోటారు ఉండదు, దాని వాలే దాన్ని నడిపిస్తుంది. వాలు ఎక్కువైతే నీళ్లు ముందు పరుగెత్తి మడ్డి వెనక నిలుస్తుంది. తక్కువైతే రెండూ నిలుస్తాయి. ఆ రెంటి మధ్య సన్నటి దారిని నోటిలెక్కతో చెప్పగలను కాబట్టి క్యాంపులో నన్ను లెక్కల నర్సయ్య అంటారు. సొంత కన్ను పెట్టి చూస్తే తప్ప ఎవరి లెక్కనూ ఒప్పుకోననే పేరు కూడా ఉంది.

డిసెంబరు చివర

సౌదీ సముద్రతీరాన మేం పనిచేసే జుబైల్‌లో నేల పైపైన ఎండిన ఇసుకే. మనిషి లోతు తవ్వితే ఉప్పునీళ్లు ఊరతాయి. పైపు దించడానికి తవ్విన మా ట్రెంచి అంతకు రెట్టింపు లోతు. పక్కలు కూలకుండా ఇనుప రేకులు దిగ్గొట్టి ఉంటాయి, ఊరే నీటిని పంపులు తోడేస్తూ ఉండాలి. ఆ చలికాలం పెద్ద పంపు పాడైంది, దానికి కావలసిన సామాను రాలేదు. చిన్న పంపు ఎంత తోడినా చీలమండ మునిగే నీళ్లు మిగిలేవి. పని ఆపుదామంటే రంజాన్ వస్తోంది. ఉపవాస నెలలో పని గంటలు తగ్గుతాయి కాబట్టి అంతకుముందే లైను వేసి పూడ్చెయ్యాలని పైనుంచి ఒత్తిడి. "రంజాన్ సే పహలే, రంజాన్ సే పహలే" అన్నది మా ఫోర్‌మన్‌కు జపమైపోయింది.

తెల్లవారుతూనే నిచ్చెన దిగి, మసక పడ్డాక ఎక్కేవాళ్లం. మధ్యలో ఎక్కి దిగితే సమయం పోతుందని అన్నం బకెట్లో దింపేవాళ్లు. చాయ్ కూడా తాడు మీదే వచ్చేది, సగం ఒలికిపోయి. తల ఎత్తితే ఆకాశం ఒక పట్టీలా కనిపించేది. సౌదీ అంటే ఎండే అనుకుంటారు మన ఊళ్లల్లో. చలికాలం ఉత్తరపు గాలి ట్రెంచిలోకి దిగితే ఆ ఇనుప రేకులు గడగడలాడేవి, వాటి మధ్య మేమూ. ప్రతి పైపు దగ్గరా కొలబద్ద పట్టుకుని కదలకుండా నిలబడాల్సింది నేను. అందుకే అందరికన్నా ఎక్కువసేపు నీళ్లలో ఉన్నదీ నేనే.

గమ్‌బూట్లు మడతల దగ్గర చిట్లి నీళ్లు తాగేవి. దానికి మా గ్యాంగులో ఒక ఉపాయం ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఖుబ్బూస్ రొట్టెలు వచ్చే ప్లాస్టిక్ కవర్లు దాచుకుని, సాక్సు మీద కవరు తొడిగి, రబ్బరు బ్యాండు బిగించి, దానిమీద బూటు వేసుకునేవాళ్లం.

"ఏం నర్సన్నా, కాళ్లకు సద్ది కట్టుకున్నవా?" అనేవాడు రాజేశం. మా మండలం వాడే, పైపులు జోడించే పని. నా గదిలోనే ఉంటాడు.

"కట్టుకున్న. నీకు గావాల్నా?"

"వద్దు తియ్. గా వాసనకు ఎలుకలు గూడ నిచ్చెనెక్కి పోతున్నయి."

బయటి నీళ్లు లోపలికి రాలేదు, నిజమే. లోపలి చెమట కూడా బయటికి పోలేదు. పొద్దున తొడిగిన సాక్సు సాయంత్రం పిండితే కారేది. మేం బయటి నీళ్లను లెక్కేశాం, లోపలి నీళ్లను వదిలేశాం.

పాదాలు మొదట తెల్లబడి, నానిన తోలులా ముడతలు పడ్డాయి. తర్వాత మొద్దుబారాయి. చలి తెలియడం మానేసింది. ఒళ్లు అలవాటు పడిందని సంతోషించాను. నొప్పి సున్నా అయితే దెబ్బ కూడా సున్నా అని నా లెక్క.

ఒక సాయంత్రం గదిలో కరెంటు హీటరు ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఉల్లిగడ్డలు కోస్తున్న రాజేశం తలెత్తాడు.

"అన్నా, ఏందో కమురు వాసనొస్తంది."

"స్టవ్వు మీద చూడు."

"స్టవ్వింక ముట్టియ్యనే లేదు."

వాడే లేచి వైర్లు వెతికాడు, ప్లగ్గు చూశాడు. ఆఖరుకు వాడి చూపు నా ఎడమ పాదం మీద ఆగిపోయింది. దాని చివర హీటరు ఊచలకు ఆని ఉంది. చర్మం లేచి బొబ్బ కట్టింది. రాజేశం నా కాలు పట్టుకుని వెనక్కి లాగితే తప్ప నేను తియ్యలేదు. తియ్యాలని నాకు తెలియలేదు.

జనవరి

మొద్దు వదిలింది, మంట మొదలైంది. రెండు పాదాలూ ఉబ్బాయి. దుప్పటి బరువు కూడా ఓర్చుకోలేక, అట్టపెట్టె ఒకటి కోసి కాళ్ల మీద గూడులా పెట్టుకుని దానిమీద కప్పుకునేవాణ్ని. క్యాంపు క్లినిక్‌లో మందు పూసి, మాత్రలిచ్చి, తగ్గకపోతే పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. నేను పోలేదు. ఒక సైజు పెద్ద బూట్లు అడిగి తెచ్చుకుని మళ్లీ ట్రెంచిలోకి దిగాను. పనికిరాని మనిషికి ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారన్న భయం ఇక్కడ అందరికీ ఉన్నదే. మొద్దుబారిన పాదంలో కూడా ఆ భయం మొద్దుబారలేదు.

ఇంటి దగ్గర నా భార్య సుజాత బీడీలు చుడుతుంది. వీడియోకాల్ మాట్లాడేటప్పుడు ఆమె చూపు నా ముఖం మీద ఉంటుంది, వేళ్లు తునికాకు మీద నడుస్తూనే ఉంటాయి. "కాలు జర బెణికింది" అని చెప్పాను. "వేడినీళ్ల కాపడం పెట్టు" అంది. సరేనన్నాను.

వేలి కొనలు నల్లబడిన రోజే జ్వరం పట్టుకుంది. మిషన్‌లో చూస్తే అంకెలు అలుక్కుపోయి కనిపించాయి. అంకెలు చదవలేకపోవడం నా బతుకులో అదే మొదటిసారి. నిచ్చెన ఎక్కలేకపోతే కింది నుంచి రాజేశం తోశాడు. గేటు కాపలా బాషాభాయ్ వ్యాను మాట్లాడి ఇద్దరూ కలిసి నన్ను ఎక్కించారు.

ఆసుపత్రి హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కౌంటరులో ఇచ్చి, చీటీ పట్టుకుని కూర్చున్నాను. పక్క కుర్చీలో ఒక సౌదీ పెద్దాయన ఉన్నాడు, ఆయన కాలికీ కట్టు ఉంది. నా పాదం వైపు వేలు చూపి "షుగరా?" అన్నాడు. కాదని తలూపి, "మోయా" అన్నాను. నీళ్ల వల్ల అని. ఆయనకు నమ్మకం కలగలేదు. "మోయా?" అని నవ్వాడు, ఎడారిలో నీళ్లతో కాలు పోగొట్టుకునేవాడు ఉంటాడా అన్నట్టు. అంతలో నా పళ్లు కొట్టుకోవడం చూసి నవ్వు ఆపేశాడు. భుజాల మీది ఉన్నికోటు తీసి నా మోకాళ్ల మీద కప్పాడు. నా పిలుపు వచ్చినప్పుడు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "సలామతక్" అన్నాడు. నీ ఒళ్లు క్షేమంగా ఉండాలని. ఆ కోటు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

డాక్టరు సూడాన్ ఆయన. ఆయన మాటలు మలయాళీ నర్సు నాకు హిందీలో చెప్పింది.

"మీరు సైనికులా అని అడుగుతున్నారు."

"కాదు. పైపులైను."

"ఇది ట్రెంచుల్లో ఉండి యుద్ధం చేసే సైనికులకు వచ్చే జబ్బట. ట్రెంచ్ ఫుట్ అంటారట. పుస్తకంలో చదివారట గానీ చూడటం ఇదే మొదలట."

తడికి పాదాల్లో నెత్తురు ఆడటం తగ్గిపోయిందని, ఎడమ కాలు కాలడంతో ఆ పుండులో విషం చేరిందని చెప్పారు. కుడిది దక్కవచ్చన్నారు. ఎడమదాన్ని ఇప్పుడే కొయ్యరట. నల్లదనం ఎక్కడ ఆగుతుందో చూసి అక్కడిదాకే తీస్తారట.

"ఆగకపోతే?" అన్నాను.

డాక్టరు ఏదో చెప్పాడు. నర్సు దాన్ని హిందీలోకి మార్చలేదు. పెన్ను తీసి, నలుపు అంచు వెంబడి నా పాదం మీద ఒక గీత గీసింది.

గోడల మీద, పైపుల మీద ఎన్నో మట్టం గీతలు గీసినవాణ్ని. నా ఒంటి మీద ఇంకొకరు గీస్తే చూస్తూ పడుకున్నాను.

రంజాన్‌కు ముందు

మర్నాడు నలుపు గీత దాటింది. నర్సు ఇంకో గీత గీసింది. అదీ దాటింది. వేరేవాళ్లయితే దేవుణ్ణి తలుచుకునేవాళ్లేమో. నేను దాని వేగం లెక్కకట్టాను. గీతకూ గీతకూ ఎడం ఎంత, ఇలాగే పోతే ఎక్కడికి ఎప్పుడు చేరుతుంది. రంజాన్ నెలవంక కనిపించేసరికి పాదం సగం దాటుతుంది. పండుగ నాటికి మడమ. ఆ తర్వాత మోకాలు. లెక్క మళ్లీ మళ్లీ వేశాను. ప్రతిసారీ అదే వచ్చింది. లెక్క సరిపోవడం అంత భయంకరంగా ఉంటుందని నాకు తెలియదు. ఆ రోజుల్లో నాకు బతకాలని లేదు. ఉన్నదున్నట్టు రాయాలని కూర్చున్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను.

బాషాభాయ్ డ్యూటీ దిగగానే బస్సు పట్టుకుని వచ్చేవాడు. ఆయనది రాయచోటి వైపు. మన మిలిటరీలో సరిహద్దు కొండల మీద చేసి, హవల్దారుగా రిటైరై, ఇక్కడ సెక్యూరిటీకి వచ్చాడు. రాగానే కుశలం అడిగేవాడు కాదు. దుప్పటి తొలగించి కుడి పాదాన్ని అరచేతుల్లోకి తీసుకుని, వేళ్ల సందుల్లో వేలు పెట్టి చూసేవాడు. ఒకరోజు జేబులోంచి ఆవనూనె సీసా తీశాడు. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"తేల్ నహీ! రుద్దకూడదు! చర్మం ఊడొస్తుంది!"

"జీ, మేడమ్" అని సెల్యూట్ కొట్టి సీసా దాచేశాడు. ఆమె పోయాక నాతో అన్నాడు: "మా మేజరు గూడా ఇంత గట్టిగా అరిచినోడు కాదప్పా."

"డాక్టరు ఇది సైనికుల రోగమన్నడు. నిజమేనా బాషాభాయ్?"

"నిజమే సామీ. మేము మోర్చా అంటాము ట్రెంచిని. మోర్చాలో తూటా తగిలేది తర్వాత సంగతి. ముందు నీళ్లు తగులుతాయి."

"అండ్ల దినమంత ఏం జేసేటోళ్లు?"

"పొద్దు పొడవకముందే తుపాకులు పట్టుకొని నిలబడల్ల, అందరూ. ఆ మసకలోనే వాళ్లు మీదికొస్తారని. వచ్చేది లేదు, ఏమీ లేదు. వెలుతురొచ్చినాక టీ. దాని కోసరమే నిలబడినట్టు ఉంటాది. తర్వాత మట్టి పని. రేత్రి కూలింది పగలు ఎత్తిపొయ్యల్ల, డబ్బాలతో నీళ్లు తోడల్ల. కూచున్నోడు కూచున్నట్టే వంతులేసుకొని నిద్రపొయ్యేది. తల పైకెత్తేదానికి ల్యా. ఎలుకలు మాత్రం పైన దర్జాగా తిరుగుతాంటాయి, వాటికేం సరిహద్దా పాడా."

"మరి యుద్ధం ఎప్పుడు?"

"అదే సామీ యుద్ధం. నువ్వు సినిమాలు చూసి చెడిపోయినావు." నా కుడి పాదాన్ని దుప్పటిలోకి జరిపి అన్నాడు, "సాయంత్రం పాదాల తనిఖీ ఉంటాది. ప్రతి మనిషికీ ఒక జోడీ. నీ పాదం నువ్వు చూసుకొనేది కాదు, నీ జోడీ చూడల్ల. వాని పాదం నువ్వు చూడల్ల. బూటిప్పి, తుడిచి, సందులన్నీ తడిమి, పొడి సాక్సు తొడగల్ల. తడిది చొక్కా లోపల పొట్టకు కట్టుకొంటే ఒంటి వేడికి ఆరతాది. వాని పాదం చెడితే శిక్ష నాకు."

"ఎవలయి వాళ్లు చూసుకుంటే గాదా?"

"మొద్దుబారిన కాలు ఎవురికి నిజం చెప్తాది? నీకు చెప్పిందా?"

చెప్పలేదు. హీటరు ముందు నా కాలు నాకు చెప్పలేదు, రాజేశం ముక్కుకు చెప్పింది.

ఆయన జోడీ ఒక పంజాబీ. రిటైరై ఏళ్లు గడిచినా ప్రతి పండుగకూ ఫోన్ చేస్తాడట. సలాము లేదు, నమస్కారం లేదు, మొదటి మాట "పాదాలు ఎలా ఉన్నాయిరా?" అనేనట. ఇది చెప్పి బాషాభాయ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మేమూ అలాంటి గుంతలోనే నిలబడ్డాం, తాడు మీద దిగే టీ కోసం అలాగే తలలెత్తి చూశాం. మా మీదికి ఎవరూ తుపాకీ ఎత్తలేదు. అందుకే మా పాదాలు చూడమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు.

అసలు సంగతి రాజేశం భార్య ద్వారా సుజాతకు తెలిసిపోయింది. ఆ రోజు ఫోన్లో ఆమె ఒడిలో బీడీల చాట ఉంది, చేతులు దానిమీద ఊరికే ఉన్నాయి.

"కాలు బెణికిందన్నవ్."

నేను ఫోను ముఖానికి ఇంకా దగ్గరగా జరుపుకున్నాను.

"ఫోను కాళ్ల దిక్కు తిప్పు."

"కట్టున్నదే."

"కట్టు ఎప్పుడిప్పుతరో చెప్పు, గప్పుడే చేస్త. దాసిపెడితే దాగేటిదా గిది?"

మర్నాడు కట్టు మార్చేటప్పుడు నర్సే ఫోను పట్టుకుంది. ఆమె ముఖం తెరకు ఇంకా దగ్గరగా వచ్చింది.

"గా గీతలేంది?" అంది.

"నలుపు యాడిదాక వచ్చిందో గుర్తులు."

"బొటనవేలు మంచిగున్నదా? దాని పక్కది?"

"ఇప్పటికైతే ఉన్నయి."

"గవి రెండుంటే చాలు. కాలికి చెప్పు ఆగుతది." అంతవరకే గట్టిగా చెప్పగలిగింది. తర్వాత ఫోన్లో ఇంటి పైకప్పు మాత్రమే కనిపించింది, ఏడుపు వినిపించింది. "నాతోని అబద్ధమాడినవ్ సూడు, గది మాత్రం నేను మర్వ" అంది.

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానేసింది. రోజూ పొద్దున రాజేశానికి ఫోన్ చేసి "గీత యాడున్నది?" అని అడిగేదట. వాడు నాకు చేసి అడిగి, ఆమెకు చెప్పేవాడు. మా ఇంట్లో అప్పుడు ఆ ఒక్క ప్రశ్నే మిగిలింది.

నలుపు వేళ్ల మొదళ్ల దగ్గరికి వచ్చిన సాయంత్రం బాషాభాయ్ చెయ్యి పట్టుకున్నాను. "డాక్టరుకు చెప్పు. మోకాలు కాడ కోసేయుమను. రోజింత రోజింత నేను సూడలేను."

ఆయన ఓదార్చలేదు. "మోర్చాలో గూడా కొందరు అట్లే లేచి పైకి పరిగెత్తేటోళ్లు" అన్నాడు. "కూచోలేక. తెల్లారేదాకా కూచున్నోడే దిగి ఇంటికి పొయ్యేది. రేపు పొద్దున చూద్దాం. అది చూసినాక ఎల్లుండి సంగతి."

ఆ రేపూ దాటింది. ఎల్లుండీ కొంచెం దాటింది. ఆ తర్వాత ఒక పొద్దున నర్సు వచ్చి, కట్టు విప్పి, పెన్ను మూత తీసింది. వంగి చూసింది. మూత మళ్లీ పెట్టి పెన్ను జేబులో వేసుకుంది.

"గీయమ్మా" అన్నాను.

"కల్ వాలా హీ లైన్ హై, భయ్యా." నిన్నటి గీతే ఇంకా ఉంది అన్నది.

నేను లేచి కూర్చుని సొంత కళ్లతో చూశాను. నిజమే. నా లెక్క తప్పింది. నా లెక్కల్లో ఏదీ తప్పకూడదని బతికినవాణ్ని, ఆ తప్పిన లెక్కను చూసి మంచం ఊచ పట్టుకుని ఏడ్చాను. నర్సు కాసేపు అటు తిరిగి నిలబడి, తర్వాత కట్టు కట్టింది.

రంజాన్

ఉపవాసాలు మొదలైన రోజుల్లో ఎడమ పాదం చివరి మూడు వేళ్లు తీసేశారు. బొటనవేలు, దాని పక్కది మిగిలాయి. మగత వదలగానే ఆ మాటే ఇంటికి చెప్పమన్నాను. రాజేశం చెప్పాడు. ఆమె నాకు నేరుగా ఫోన్ చేసింది. మాట్లాడలేదు. చాట దగ్గరికి లాక్కుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఇద్దరం అలాగే చాలాసేపు ఉన్నాం.

సాయంత్రం మసీదు నుంచి బాంగు వినిపించగానే వార్డులో అందరికీ ఖర్జూరాలు, మజ్జిగ పంచేవాళ్లు. ఉపవాసం ఉన్నావా, నీ మతమేమిటి అని ఎవరూ అడగలేదు. నా పక్క మంచం బంగ్లాదేశీ, తన వాటా ఖర్జూరాల్లో మెత్తగా ఉన్నవి ఏరి నా వైపు తోసేవాడు.

నిలబడటం నేర్చుకోవడం మళ్లీ మొదలైంది. రెండు అడుగులేసి ఎడమకు వాలిపోయేవాణ్ని. ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. రెండు అరికాళ్లకూ స్పర్శ లేదు. నేల చల్లగా ఉందో, తడిగా ఉందో, రాయి ఉందో కంటితో చూస్తే తప్ప తెలియదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు

కంపెనీ నన్ను ట్రెంచి ఒడ్డున మిషన్ దగ్గర ఉంచింది. ఎంతకాలం ఉంచుతుందో నాకు తెలియదు. పాత లైను పూడ్చేశారు, ఇది వేరే లైను. ఇక్కడా నీళ్లే. ఖుబ్బూస్ కవర్లు ఎవరూ దాచుకోవడం లేదు. పొడి సాక్సు ఒక జత చొక్కాలో పెట్టుకుని దిగుతున్నారు. సాయంత్రం పైకి రాగానే ఒడ్డున జోడీలుగా కూర్చుని, ఒకరి పాదం ఒకరు ఒళ్లో పెట్టుకుని చూస్తారు. మొదటి రోజు ఫోర్‌మన్ "యే క్యా హై, పాంవ్ కీ పూజా?" అని, పాదపూజ చేస్తున్నామన్నట్టు వెక్కిరించి, వాచీ చూసుకున్నాడు. ఇప్పటికీ రోజూ వాచీ చూసుకుంటాడు. మేం మానలేదు.

కార్ వాషుల్లో, చేపల మార్కెట్లో, హోటళ్ల గిన్నెలు కడిగే చోట పనిచేసే మనవాళ్లు దీన్ని చదివితే ఇంతే చెబుతాను. కాలు మొద్దుబారితే తగ్గిందనుకోవద్దు. హీటరు ముందు పెట్టొద్దు. పక్కవాడికి చూపించండి. సిగ్గుపడొద్దు. ఇంట్లో అబద్ధం చెప్పొద్దు, నాది ఇంకా పూర్తిగా మాఫీ కాలేదు.

నా జోడీ రాజేశం. నిన్న వాన పడింది. ఒడ్డున తిరిగీ తిరిగీ వచ్చి, బూట్లిప్పి, తువ్వాలుతో బాగా తుడుచుకున్నాను. కంటికి పొడిగానే కనిపించాయి. అలవాటు ప్రకారం వాడి ఒళ్లో పెట్టాను.

"పొడిగున్నయా?"

వాడు వేళ్ల సందుల్లో, కుట్లు మానిన చోట, మెల్లగా తడిమాడు.

"కుడికాలు మంచిగుంది. ఎడమది, గీ రెండు వేళ్ల నడుమ జర తడున్నదే."

"నేను సూసిన రా. లేదు."

"ఉన్నదన్నా."

నాకేమీ తెలియడం లేదు. వాడు తన చొక్కా అంచుతో ఒత్తి, మళ్లీ వేలు పెట్టి చూశాడు.

"ఇగ లేదు" అన్నాడు.

నేను సాక్సు తొడుక్కున్నాను.